వెతకాలంటే పేరు తెలియాలి

"మొన్ననే టెలిస్కోపు కొన్నాను. నిన్న రాత్రి శనిగ్రహం చూశాను. వలయాలు లేవు. నా టెలిస్కోపులో లోపం ఉందా?"

2025 నవంబరులో మా ఆకాశ పరిశీలకుల వేదికలో ఒక కొత్త సభ్యుడు అడిగిన ప్రశ్న ఇది. ఆ నెలలో అదే ప్రశ్న ఎన్నోసారి వచ్చిందో లెక్కపెట్టడం నేను అప్పటికే మానేశాను. ఆయనకు పది నిమిషాల్లో మొదటి జవాబు అందింది: "పైన సెర్చ్ బాక్సు అని ఒకటి ఉంటుంది. ముందు దాన్ని వాడటం నేర్చుకోండి." దాని కింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ జవాబు రాసింది నేనే. రాసి సంతోషించాను కూడా. ఏళ్ళ తరబడి అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్పి చెప్పి, రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగేవాళ్ళ మధ్య చిక్కుకుపోయానని నా మీద నేనే జాలిపడే దశకు చేరుకున్నాను. ఆ సామెత భలే కుదిరిందనుకున్నాను. నిజానికి కుదరలేదు. ఆ మనిషి రామాయణమంతా వినలేదు. అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆయన మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు అది కొంచెం గుచ్చుకుని, నేను చెయ్యమన్న పని నేనే చేసి చూశాను. నాకు తెలిసిన మాటలతో కాదు, ఆయన లాంటి కొత్తవాడు వాడే మాటలతోనే. "శని వలయాలు లేవు", "టెలిస్కోపు లోపం", "శని గుండ్రంగా ఉంది". ఏం వచ్చాయో చెప్తాను. మొదటిది ఫోకస్ కుదరక శనిని ముద్దలా చూసినవాళ్ళ చర్చ. రెండోది మరీ తక్కువ రెట్లు పెద్దది చేసి చూస్తే వలయాలు విడిగా తెలియవని చెప్పే చర్చ. మూడోది 2009 నాటిది. అందులో విషయం ఉంది కానీ బొమ్మలన్నీ ఎగిరిపోయాయి, వాటి చోట ఖాళీ చట్రాలు మిగిలాయి. మూడింటిలోనూ జవాబులు సరైనవే. అయితే మొదటి రెండు వేరే వాళ్ళ సమస్యకు, మూడోది వేరే సంవత్సరానికి. వాటిని నమ్ముకుని ఉంటే ఆయన ఆ రాత్రంతా ఫోకస్ మర తిప్పుతూ కూర్చునేవాడు.

అసలు జవాబున్న చర్చ కూడా మా వేదికలో ఉంది, చాలా చక్కటిది. దాని శీర్షికలో "వలయతలం దాటే సమయం" అని ఉంది, అంటే వలయాల అంచు సరిగ్గా మన వైపు తిరిగే సమయం. వలయతలం అనే మాట తెలిసినవాడు ఆ ప్రశ్న అడగడు. అడిగేవాడికి ఆ మాట తెలియదు. నా మొత్తం వాదన ఇంతే. మిగతాదంతా దీనికి సాక్ష్యం, కొంత నా నస.

విషయం తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 29 ఏళ్ళు పడుతుంది. దాని వలయాలు వంగి ఉంటాయి కాబట్టి ఆ కాలంలో మనకు అవి రెండుసార్లు బాగా విచ్చుకుని, రెండుసార్లు అంచు మాత్రమే కనిపించేలా తిరుగుతాయి. 2017లో సుమారు 27 డిగ్రీల వంపుతో నిండుగా విచ్చుకున్నాయి. 2025 మార్చి 23న అంచు సరిగ్గా మన వైపు తిరిగింది, కానీ అప్పుడు శని సూర్యుడికి దగ్గరగా ఉండి చూడటానికి వీలు కాలేదు. మళ్ళీ నవంబరు చివరికి వంపు అర డిగ్రీ కంటే తగ్గిపోయింది, ఈసారి సాయంత్రం ఆకాశంలో, అందరి కళ్ళ ముందు. ఆ వలయాల వెడల్పు ఒక చివర నుంచి మరో చివరకు 2,70,000 కిలోమీటర్లకు పైమాటే. మందం మాత్రం చాలాచోట్ల పదుల మీటర్లే. అంచు మీదుగా చూస్తే చిన్న టెలిస్కోపుకు ఏం దొరుకుతుంది? మహా అయితే సన్నని గీత.

అంటే ఆ కొత్త సభ్యుడు చూసింది నూటికి నూరు పాళ్ళు నిజం. లోపం ఆయన టెలిస్కోపుది కాదు. చూసింది చూసినట్టు చెప్పాడు. పరిశీలకుడికి ఉండాల్సిన మొదటి లక్షణం అదే కదా. అతనికి నేనిచ్చిన బహుమతి వెక్కిరింత.

ఇదే ప్రశ్నతో తల పట్టుకున్న మొదటి మనిషి గెలీలియో. 1610లో ఆయన శనిని చూసి, అది ఒక గ్రహం కాదు, పక్కపక్కనే ఆనుకుని ఉన్న మూడు గోళాలు అనుకున్నాడు. అప్పటి టెలిస్కోపుతో అంతకంటే తెలిసే వీలు లేదు. 1612 చివర్లో చూస్తే పక్కనున్న రెండూ మాయం. శని తన పిల్లల్ని తానే మింగేశాడా అని ఒక ఉత్తరంలో విస్తుపోయాడు. రోమన్ల పురాణంలో శని అలాగే పిల్లల్ని మింగుతాడు. తన అద్దాలే తనను మోసం చేశాయా అని కూడా అనుమానపడ్డాడు. "నా టెలిస్కోపులో లోపం ఉందా?" అన్న మాటే, 413 ఏళ్ళ ముందు. శని చుట్టూ ఉన్నది దాన్ని ఎక్కడా తాకని పలుచటి వలయమని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ గ్రంథంలో ప్రకటించేసరికి 1659 వచ్చింది. గెలీలియో అంతటి వాడికి అర్థం కాని సంగతిని కొన్న మూడో రోజుకే అడిగాడని ఒక మనిషిని చిన్నబుచ్చాను. గెలీలియో అదృష్టం, ఆయన కాలంలో నాలాంటివాడు లేడు.

అత్త కూడా ఒకింటి కోడలే. నా కోడలికం సంగతి కూడా చెప్పుకోవాలి. నేను మొదటిసారి అద్దాల టెలిస్కోపులో ఒక నక్షత్రం చూసినప్పుడు కనిపించింది నక్షత్రం కాదు, మధ్యలో నల్ల చిల్లు ఉన్న గుండ్రటి వెలుగు బిళ్ళ. ఆ చిల్లు నుంచి అంచుకు నాలుగు సన్నటి నీడ గీతలు. అద్దం పగిలిందనుకున్నాను. మూడు రాత్రులు వెతికాను, నిజంగానే వెతికాను. "టెలిస్కోపు అద్దం మీద నల్లమచ్చ" అని, "నక్షత్రంలో చిల్లు" అని. అద్దం మీద బూజు, దుమ్ము ఎలా తుడవాలో చెప్పే పేజీలు వచ్చాయి. కొంచెంలో తప్పింది, లేకపోతే ఏమీ లేని అద్దాన్ని రుద్ది పాడుచేసుకునేవాణ్ణి. చివరికి సిగ్గు విడిచి అడిగితే ఒక పెద్దాయన ఒకే వాక్యం రాశారు: "ఫోకస్ మర నెమ్మదిగా తిప్పుతూ పొండి, ఆ బిళ్ళ చిన్నదై చుక్క అయ్యేదాకా." అది గొట్టం మధ్యలో ఉండే చిన్న అద్దం నీడ. ఫోకస్ కుదరనప్పుడే కనిపిస్తుంది. సమస్య పేరు "ఫోకస్". నేను వెతికిన పేరు "మచ్చ". ఈ రెండు మాటల మధ్య దారి చూపించే సెర్చ్ బాక్సు ఆ రోజు నాకు దొరకలేదు. ఆ పెద్దాయన దొరికారు.

ఇలాంటివి ఇంకెన్నో. అద్దాల టెలిస్కోపుల ముందు మూతకు చాలావాటిలో మరో చిన్న మూత ఉంటుంది. కొత్తవాళ్ళు ఆ చిన్నదాన్ని మాత్రమే తీసి, పెద్దదాన్ని అలాగే ఉంచి చూస్తారు. గొట్టంలోకి వెళ్ళాల్సిన వెలుగులో చిటికెడు వెళ్తుంది. "అంతా చీకటిగా ఉంది, ఎందుకు?" అని అడుగుతారు. రెండు మూతలున్నాయని తెలియని మనిషి "మూత" అని వెతుకుతాడా? పెట్టె మీద "675 రెట్లు" అని అచ్చువేసిన బుల్లి టెలిస్కోపు కొన్నవాడూ అంతే. టెలిస్కోపు పనికొచ్చేలా పెద్దది చేసి చూపగలిగేది, దాని అద్దం లేదా కటకం వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకూ 2 రెట్లకు మించదని, అంటే 70 మిల్లీమీటర్లకు 140 రెట్లేనని, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రేనని తెలిస్తే ఆ పెట్టె ఎందుకు కొంటాడు? అతను అచ్చువేసిన అంకెను నమ్మాడు. కాబట్టి "675 రెట్లతో మసకగా ఉంది, ఎలా శుభ్రం చేయాలి?" అని అడుగుతాడు. ప్రశ్నలోనే పొరపాటు ఉన్నప్పుడు దాన్ని పట్టుకోగలిగింది ఎదుటి మనిషే.

ఈ గొడవ కొత్తదేమీ కాదు. తమాషా ఏమిటంటే, "తరచూ అడిగే ప్రశ్నలు" అనే జాబితాకు పుట్టిల్లుగా చెప్పుకునేది కూడా ఆకాశం మీద ఆసక్తి ఉన్నవాళ్ళ గుంపే. 1980ల మొదట్లో, వెబ్ పుట్టక ముందు, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లో అంతరిక్ష విషయాల మీద ఉత్తరాలు రాసుకునే ఒక బృందం ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు పాత ఉత్తరాల మూట దించుకుని, చదువుకుని, ఆ తర్వాతే నోరు తెరుస్తారని పెద్దల ఊహ. ఎవరూ చదవలేదు. అందరూ నేరుగా అడిగేశారు. చెప్పిందే చెప్పి విసిగి జవాబుల జాబితా తయారుచేసి, దాన్ని మళ్ళీ మళ్ళీ పంపడం మొదలుపెట్టారు. నాసాలో పనిచేసిన యూజీన్ మియా పేరు ఈ అలవాటుతో ముడిపడి ఉంది. నాకు ఇందులో నచ్చేది, వాళ్ళు మనుషుల్ని మార్చాలని చూడలేదు. మనుషులు అడుగుతారు, అంతే అని ఒప్పుకుని పని సులువు చేసుకున్నారు.

తర్వాతి తరం అంత పెద్దమనసు చూపలేదు. యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చా వేదికల్లో ఏటా సెప్టెంబరు వచ్చిందంటే విశ్వవిద్యాలయాల్లో కొత్త విద్యార్థులు వచ్చి పడేవారు, అడిగిందే అడిగేవారు. కొన్ని వారాల్లో పద్ధతులు పట్టుబడి సర్దుకునేవారు. 1993, 94 నాటికి ఇంటర్నెట్ అందించే వాణిజ్య సంస్థలు తమ చందాదారులకు తలుపులు తెరిచేసరికి ఆ ప్రవాహం ఇక ఆగలేదు. 1993 సెప్టెంబరు ఎప్పటికీ ముగియలేదని పాతవాళ్ళు ఒక మాట పుట్టించారు. ఆ మాటలో చమత్కారం ఉంది, కాదనను. కానీ అందులో నాకు వినిపించేది ఇంటి పెద్దల మూలుగు: మేము వచ్చేదాకా ఇల్లు బాగుంది, మా తర్వాత వచ్చినవాళ్ళే పాడుచేశారు.

"వెతకండి" అనడంలో ఇంకో చిక్కు ఉంది. వెతికితే దొరికేది పాత జవాబు. పాత జవాబు పాతబడి ఉండొచ్చు. "ఆకాశంలో వరసగా పూసలు గుచ్చినట్టు దీపాలు కదిలిపోయాయి, ఏమిటవి?" అనే ప్రశ్నకు 2019 మే ముందు రాసిన జవాబులన్నీ ఇప్పుడు వృథా. ఎగిరిన కొత్తలో అలా వరసగా కనిపించే స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో మొదటి 60 ఎగిరింది ఆ నెలలోనే. శనికి ఉపగ్రహాలెన్ని అని వెతికితే ఒకచోట 82 అని, ఇంకోచోట 146 అని ఉంటుంది. 2025 మార్చిలో ఒక్క విడతలో 128 చేర్చి 274 అన్నారు. ఇవి సరదా పొరపాట్లు. సరదా కానివీ ఉన్నాయి. కంటి దగ్గర ఐపీసుకు బిగించే చిన్న నల్ల గాజుతో సూర్యుణ్ణి చూడొచ్చని చెప్పే పాత సలహాలు ఇంకా అక్కడక్కడా పడి ఉన్నాయి. టెలిస్కోపు కూడగట్టిన వేడంతా ఆ గాజు మీద పడుతుంది, అది పగిలితే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడటానికే చేసిన ఫిల్టరు ఎప్పుడూ టెలిస్కోపు ముందు భాగానికే ఉండాలి. గ్రహణం ముందు రోజు ఎవరైనా వందోసారి ఇది అడిగితే నేను నూట ఒకటోసారి కూడా చెప్తాను. "వెతుక్కో" అని మాత్రం అనను. వెతికితే అతనికి ఏది దొరుకుతుందో నాకు తెలుసు.

బొమ్మల గోడు వేరే. 2017లో ఒక పెద్ద ఫొటోల సంస్థ తన నిబంధనలు మార్చేసరికి ఎన్నో అభిరుచి వేదికల్లో ఏళ్ళ నాటి బొమ్మలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. "కింది బొమ్మలో చూపించినట్టు మరను తిప్పండి" అన్న వాక్యం మిగిలింది, బొమ్మ లేదు. ఇప్పుడు చర్చలు చాలావరకు ఫోనుల్లోని మూసిన గుంపుల్లోకి మారాయి. అక్కడ పోయిన వారం మాటను వెతకడమే గగనం. అలాంటి చోట కూడా "ఇది ముందే చర్చించాం" అనేవాళ్ళున్నారు. ఎక్కడ చర్చించారు స్వామీ? ఆ మాట ఉన్న చోటు చూపించండి, నేనే దండం పెడతాను.

ఇంతా చెప్పి కొత్తవాళ్ళను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. నాకు వాళ్ళ మీద కోపం ఉంది, వెతకనందుకు కాదు. "మంచి టెలిస్కోపు చెప్పండి" అని మూడు మాటలు రాసి మాయమయ్యేవాళ్ళ మీద ఉంది. ఎక్కడ పెట్టి చూస్తారు, ఎంత బరువు మోయగలరు, గ్రహాలు చూడాలా, నెబ్యులాలనే వాయు మేఘాలు చూడాలా, ఫొటోలు తీయాలా? ఒక్కటీ చెప్పరు. వాళ్ళకు నిజంగా కావలసింది సమాచారం కాదేమోనని నాకు అనుమానం. కొనబోయే ముందు పక్కన ఒక మనిషి నిలబడి "పర్వాలేదు, కొను" అనాలి. ఆ కోరికలో తప్పు లేదు. అలాంటప్పుడు ఆ పక్కన నిలబడేవాడికి తమ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి కదా.

అంతకంటే పెద్ద నేరం ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రశ్న అడిగి, జవాబు పుచ్చుకుని, తర్వాత ప్రశ్నను చెరిపేసేవాళ్ళు. అడిగినందుకు సిగ్గుపడి కొందరు, పని అయిపోయిందని కొందరు. దాంతో జవాబు రాసినవాడి గంట శ్రమ, రేపు అదే వెతకబోయేవాడి అవకాశం రెండూ పోతాయి. ఆ సిగ్గు వాళ్ళలో నాటింది ఎవరు? "ఇంత చిన్న విషయం అడుగుతారా" అన్న మనమే. ఇందులో పాతవాళ్ళ వాటా ఇంకా ఉంది. "మీకు విడిగా చెప్తాను" అని పక్కకు పిలిచి చెప్పేవాళ్ళు. ఆ జవాబు ఎవరి సెర్చ్‌లోనూ ఎప్పటికీ రాదు.

నేను కొత్తవాళ్ళ నుంచి కోరేది రెండే. ఏం చూశావో, ఏం చేశావో నీ మాటల్లోనే చెప్పు. ఆ మాటలు తప్పయినా సరే, నిజానికి తప్పు మాటలే మేలు. "నక్షత్రంలో చిల్లు" అని నువ్వు రాస్తే, రేపు "నక్షత్రంలో చిల్లు" అని వెతికేవాడికి నీ ప్రశ్న దొరుకుతుంది. పండితుల చర్చ దొరకదు. పదేపదే వచ్చే ప్రశ్నలు ఒకే ప్రశ్న కాదని, ఒకే జవాబుకు వేర్వేరు దారులని నాకు ఇలాగే అర్థమైంది. రెండోది, జవాబు పనిచేసిందో లేదో తిరిగి వచ్చి చెప్పు. దాంతో మేము బతికిపోతాం.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షి దగ్గరికి వెళ్తారు. ఆయన వెంటనే జవాబు చెప్పడు. ఒక సంవత్సరం నియమంగా ఉండండి, ఆ తర్వాత ఇష్టమైనవి అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతాం అంటాడు. చూడగానే మన "ముందు వెతికి రండి" లాగే ఉంది. ఎప్పుడో చదివినప్పుడు నేనూ దీన్ని నా వాదనకు ఆసరా చేసుకున్నాను. మళ్ళీ చూస్తే రెండు తేడాలు కనిపించాయి. ఆయన వాళ్ళను బయటికి పొమ్మనలేదు, తన దగ్గరే ఉండమన్నాడు. పైగా "తెలిస్తే" అన్నాడు. ఆ ఒక్క మాట మా వేదికలో ఎవరి నోటా నేను వినలేదు, నా నోటితో సహా.

ఇక ఈ మధ్య సంగతి. కొత్తవాళ్ళ ప్రశ్నలు తగ్గాయి. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల వేదిక, ముందే అడిగిన ప్రశ్నను "నకలు" అని మూసేయడానికి పేరుమోసింది. కొత్తవాళ్ళకు తమ వేదిక ఆదరంగా లేదని 2018లో వాళ్ళే బహిరంగంగా ఒప్పుకున్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అక్కడ కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. మా చిన్న వేదికలోనూ అదే గాలి. విసుక్కోని యంత్రం ఒకటి దొరికింది, వెయ్యిసార్లు అడిగినా "సెర్చ్ బాక్సు" అనదు. ఆ యంత్రం నేర్చుకున్నది కూడా మనం విసుక్కుంటూ వెయ్యిసార్లు రాసిన జవాబుల నుంచే అన్నది వేరే కథ. మేము కోరుకున్నదే జరిగింది. రోజుకు పది పాత ప్రశ్నలు వచ్చే చోట ఇప్పుడు వారానికి రెండు వస్తే గొప్ప. మిగిలిన పాతవాళ్ళం మా ఫొటోలను మేమే మెచ్చుకుంటున్నాం. ఆ బిళ్ళ సంగతి చెప్పిన పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన చోటులో జవాబులు చెప్పేవాళ్ళలో నేనొకణ్ణి. నేను అక్కడికి వచ్చింది ఒక పిచ్చి ప్రశ్న పట్టుకునే. యంత్రాన్ని అడిగి వెళ్ళిపోయేవాడు రేపు ఎవరికి జవాబు చెప్పడానికి ఇక్కడికి వస్తాడు?

నవంబరు నాటి ఆ సభ్యుడికి వారం తర్వాత క్షమాపణ రాశాను. వలయాలు ఎందుకు కనిపించలేదో, ఏ రాత్రి నుంచి మళ్ళీ గీతలా మొదలై ఏటా ఎంత విచ్చుకుంటాయో వివరించాను. ఆయన చదివినట్టు వేదికలో గుర్తు పడింది, జవాబు మాత్రం లేదు. వలయాల అంచు మళ్ళీ మన వైపు తిరిగేది 2038 అక్టోబరులో. ఆ తర్వాత 2039లో ఇంకో రెండుసార్లు. అప్పటికి ఎవరో ఒకరు కొత్త టెలిస్కోపు కొంటారు. వేదిక ఉండి, నేనూ ఉండి, వాళ్ళు నన్నే అడిగితే బాగుండును.